పొడి డబ్బాలు కాదు, కందిపప్పు ఇయ్యండి

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మందుల షాపు ముందు నిలబడితే "ఇమ్యూనిటీ పెంచును" అనే డబ్బాలు వరసగా కనిపిస్తాయి. కూలోడి జేబుకు ఇంతకన్నా సిగ్గులేని ఎర ఉందా? ఏం పెంచుతావయ్యా? మన ఒంట్లో క్రిములతో పోరాడే ఒక్కో టీ కణం ఒక్కో రకం క్రిమి ముక్కనే పోల్చుకుంటుంది, తక్కినవి దాని కంటికి ఆనవు. నిజంగానే పొడి తాగించి అన్నిటినీ ఒక్కపెట్టున రెచ్చగొట్టగలిగితే, అవి తిరగబడి సొంత కీళ్ళనే కరుస్తాయి. నీ పొడికి ఆ పాటి సత్తువ లేకపోవడం మా అదృష్టం.

మా పడమటి పల్లెలకు తెలిసిన జబ్బు టీబీ. ఆ క్రిమి ఊపిరితిత్తుల్లోకి పోతే మాక్రోఫేజ్ అనే కణం మింగుతుంది. మింగడం వరకే. చంపలేదు, క్రిమి దాంట్లోనే కాపురం పెడుతుంది. ఈలోగా డెండ్రైటిక్ కణం ఆ క్రిమి ప్రోటీన్లను తునకలు చేసి, లింఫు గ్రంథి దాకా మోసుకుపోయి, తన ఎంహెచ్‌సీ అణువులో పొదిగి టీ కణాలకు చూపిస్తుంది. ఉత్త తునక చూపిస్తే టీ కణం పట్టించుకోదు, మన సొంత ఎంహెచ్‌సీలో కూర్చున్నదాన్నే చూస్తుంది. జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు 1974లో ఈ కిటుకు పట్టుకున్నందుకే 1996లో నోబెల్ వచ్చింది. అంతటితో అయిపోలేదు. టీ కణం మీదుండే సీడీ28 ద్వారా రెండో సంకేతం కూడా తగలాలి, లేకపోతే ఆ కణం మొద్దుబారిపోతుంది. పేక లేకుండా పడుగు ఒక్కటే బట్ట కాదని మా నేతగాళ్ళకు చెప్పాలా?

రెండూ అందిన టీ కణం ఒకటి వేలై, ఊపిరితిత్తులకు చేరి, ఇంటర్‌ఫెరాన్ గామా విడుస్తుంది. అప్పుడు గానీ మాక్రోఫేజ్‌కు చంపే చేవ రాదు. హెచ్‌ఐవీ ఈ పని చేసే సీడీ4 రకం టీ కణాలను తినేసినచోట టీబీ లేచి కూర్చునేది ఇందుకే.

ఒకటి వేలు కావాలంటే ఒంట్లో ప్రోటీన్ ఉండాలి. టీ కణాలు తర్ఫీదయ్యే థైమస్ గ్రంథి ఆకలికి అన్నిటికన్నా ముందు కుంచించుకుపోతుంది. కోసిగి, కౌతాళం వైపు వాన ఎగ్గొట్టిన ఏడు పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్ళను అడగండి, గుంటూరు మిరప చేల పక్క గుడిసెల్లో పప్పు ఎన్నాళ్ళకోసారి ఉడుకుతుందో! గాలి మాత్రం అందరిదీ ఒకటే.

జార్ఖండ్‌లో ఇదే పరీక్షించి చూశారు, 2023లో లాన్సెట్‌లో అచ్చయింది. టీబీ రోగుల ఇళ్ళలో తక్కినవాళ్ళకు పెద్దవాళ్ళకైతే తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రోగికి మాత్రమే తిండి ఇచ్చిన ఇళ్ళతో పోలిస్తే అక్కడ కొత్త టీబీ సుమారు 40 శాతం తగ్గింది. ఏ డబ్బా పొడి చేసిందీ పని?

మరి మన దగ్గర? 2024 నవంబరు నుంచి రోగి ఖాతాలో నెలకు 1000 రూపాయలు. ఆ దగ్గునే పీల్చే పెండ్లాం బిడ్డల తిండిని నిక్షయ్ మిత్ర పేరుతో దాతల దయకు వదిలేశారు. దాతకు తీరిక చిక్కి, బుట్ట ఇచ్చి ఫోటో దిగేదాకా క్రిమి ఆగుతుందా? రోగి పేరు టీబీ జాబితాకు ఎక్కిన రోజే ఇంట్లో తలా కిలోన్నర కందిపప్పు హక్కుగా రాయండి. సుగ్గికి పోతే పోయిన ఊరి రేషన్ డిపోలోనే ఇయ్యండి. ఒకే దేశం ఒకే కార్డు బియ్యానికి పనిచేస్తున్నప్పుడు కందిపప్పుకు ఎందుకు పనిచేయదో పౌరసరఫరాల శాఖ కోసిగి బస్టాండులో నిలబడి చెప్పాలి.