నిమ్మకాయలు తొక్కించే ముందు

మా చిత్తూరులో ఎవరు కొత్త కారు కొన్నా ముందు పోయేది కాణిపాకానికే. వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే ఇంటికి తెస్తాం. నాలుగేళ్ల కిందట మేమూ అలాగే తెచ్చాం. రంగు ఎంత బాగుందో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ రంగు ఎంచింది నేనే. షోరూములో నన్ను అడిగిన ఒకే ఒక్క మాట అది. ఇంజను సంగతులన్నీ మావారికి చెప్పిన ఆ అబ్బాయి, నా వైపు తిరిగి "మేడమ్, ఏ కలర్ కావాలి?" అన్నాడు. ముందు కట్టిన డబ్బులో సగం నా గాజులు కుదువ పెట్టి తెచ్చిందన్న విషయం అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. పెద్ద జబ్బంటే చిత్తూరు వాళ్లకు గుర్తొచ్చేది రాయవేలూరే కదా. ఆమెను వెనక సీట్లో నాకు ఆనించి కూర్చోబెట్టుకుని బయల్దేరాం. గుడిపాల దాటామో లేదో కారు ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా కదల్లేదు. అదే మొదటిసారి కాదు, అంతకుముందు రెండుసార్లు అలాగే మొరాయిస్తే "చిన్న సెన్సరండీ, సరిచేశాం" అని పంపారు. ఆ చీకట్లో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతుంటే, పాలవ్యాను నడిపే అతనెవరో ఆపి, ముందు సీట్లో ఎక్కించుకుని ఆస్పత్రిలో దించాడు. ఆమె కోలుకుంది. కానీ మళ్లీ ఆ కారెక్కలేదు. "నాకు బస్సే మేలమ్మా" అంటుంది. కావలసిన భాగం బెంగళూరు నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది.

ఎవరినని లాభం? ఆవును కొనాలంటే మన ఇళ్లలో రెండు పూటలా పాలు పితికి చూడనిదే బేరం కుదరనివ్వం. ఎన్నో ఈత, ఎందుకు అమ్ముతున్నారు, తంతుందా అని పదిమందిని వాకబు చేస్తాం. లక్షలు పోసి కారు కొనేటప్పుడు మాత్రం తెర ఎంత పెద్దదో, పైకప్పు తెరుచుకుంటుందో లేదో చూసి మురిసిపోతాం.

ఈ తరానికి ఎంచుకునే భాగ్యమైనా ఉంది. మా నాన్నగారి రోజుల్లో అంబాసిడర్, పద్మిని తప్ప పెద్దగా వేరే దారి లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి దాని వెంట ఎందుకు పడింది? చిన్న బండి, తక్కువ పెట్రోలు అన్నది ఒక కారణం. పొద్దున్నే తాళం తిప్పితే కదులుతుంది, చిన్న ఊళ్లో మెకానిక్కు కూడా దాన్ని విప్పి బిగించగలడు అన్నది ఇంకో కారణం. 2014లో దాని తయారీ ఆగిపోయినా ఆ పాఠం పాతబడలేదు. ఇప్పుడు కార్లు మన సీమలోనే తయారవుతున్నాయి. పెనుకొండలో 2019 నుంచి, శ్రీసిటీలో 2016 నుంచి ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అయితే ఎక్కడ తయారైందన్నదాని కన్నా చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారన్నది మనకు ముఖ్యం.

మా వీధి చివరి మెకానిక్కు ఆరోజు తర్వాత నాతో అన్నమాట మరిచిపోలేను: "అక్కా, బండి ఎవురైనా కొంటారు. పదేండ్లు నడిపించేదే కష్టం. కొనేముందు నన్నొక మాట అడిగుంటే పోలా?"

ఈసారి అడిగాను. అతన్నే కాదు, అలిపిరి దగ్గర నిలబడే టాక్సీ డ్రైవర్లను కూడా. రోజూ కొండ ఎక్కి దిగే వాళ్లకు ఏ బండి ఎన్ని వేల కిలోమీటర్లకు ఏ ఖర్చు పెడుతుందో బాగా తెలుసు. వాళ్లందరి మాటల్లో తేలినవి, నేను తిరిగి తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

కొత్త మోడల్ వచ్చిన వెంటనే ఎగబడకండి. ఒక ఏడాది ఆగితే దాని లోపాలు బయటపడతాయి, కంపెనీ కొన్నింటిని సరిదిద్దుతుంది కూడా. బుక్ చేసే ముందు సర్వీసు కౌంటరుకు వెళ్లి క్లచ్, హెడ్‌లైట్, బంపర్ ధరలు అడగండి. అవి మన ఊళ్లో దొరుకుతాయా, తెప్పించాలా అని కూడా అడగండి. టెస్ట్ డ్రైవ్‌కు హైవే మీద ఒక చుట్టు చాలదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, ఎత్తు రోడ్డు మీద నడిపి చూడండి. దిగేటప్పుడు తక్కువ గేరులో బండి పట్టు ఎలా ఉందో చూడండి. ఘాట్ రోడ్డులో బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.

ఊళ్లో బడికి, బజారుకు మాత్రమే తిరిగే వాళ్లకు డీజిల్ బండి కలిసిరాదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ కార్లలో పొగను వడకట్టే ఫిల్టరుంటుంది. దూరప్రయాణం లేకపోతే అది మసితో మూసుకుపోయి ఖర్చు పెడుతుంది. ఇక 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ ఇచ్చే నక్షత్రాలు తప్పక చూడాల్సినవే. కానీ అవి ప్రమాదం జరిగితే ఎంత కాపాడుతుందో చెబుతాయి, పొద్దున్నే స్టార్టవుతుందో లేదో చెప్పవు. రెండూ వేర్వేరుగా విచారించాలి.

బండి చేతికి వచ్చే రోజు పట్టపగలు వెళ్లండి. ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం అడిగి తెలుసుకోండి. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2225 అని ఉంటే 2025లో 22వ వారంలో తయారైందని అర్థం. బ్యాటరీ తేదీ కూడా చూడండి, మన ఎండలకు దాని ఆయుష్షు ఎలాగూ తగ్గుతుంది. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు నకలు దాచుకోండి. పదేపదే చెడే కొత్త కారును మార్చి ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే ఆ కాగితాలే మన బలం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఆ చిన్న సెన్సరు కథలో నా దగ్గర ఒక్క కాగితం కూడా లేకపోయింది.

కాణిపాకం ప్రమాణాలకు పేరు. అక్కడ అబద్ధం ఆడటానికి జంకుతారు. బండి అమ్మేవాళ్లెవరూ ప్రమాణం చేసి అమ్మరు కాబట్టి, అడిగి తేల్చుకోవాల్సింది మనమే. ఆ రాత్రి రోడ్డు మీద కారు ఆగితే లోపల కూర్చున్నది మేమే కదా! పిల్లల్ని బడికి, పెద్దల్ని ఆస్పత్రికి తీసుకుపోయే బండి గురించి ఇంటి ఆడది అడగకపోతే ఎవరడుగుతారు? ఈసారి ఎవరైనా "మేడమ్, ఏ కలర్?" అంటే, "అది చివర్లో చెబుతాను నాయనా, ముందు సర్వీసు కౌంటరు ఎక్కడుందో చూపించు" అనండి.