చదువరి చోటు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దిగు కాలమున పల్నాటి మొదలు ఒంగోలు సీమ వరకు గల రైతుల చూపు ధరల పట్టికమీదనే యుండును. ఒకప్పుడు ఆ ధరలు నోటిమాటగాను, వార్తాపత్రికలోను తెలియుచుండెడివి. నేడు చేతిఫోనులోనికి కూడ వచ్చినవి. తేజ, బాడిగ, 334, 341, ఆర్మూరు, తాలు అను పేర్లు తెరమీద ఒకదానిక్రింద నొకటి నిలుచును. వ్రేలితో పైకి త్రోసినకొలది క్రిందివి వచ్చుచుండును. శీతల గిడ్డంగిలో సరుకు దాచుకొన్న రైతు తన రకమును వెదకికొని, పక్క రకములతో పోల్చి చూచుచుండగా ఫోను మ్రోగును. మాటలాడి తిరిగి వచ్చునప్పటికి పట్టిక మొదటికి పోయి యుండవచ్చును. లేదా పైన క్రొత్త వరుసలు చేరుటచే తేజ యున్న చోట తాలు నిలిచి యుండవచ్చును. ఈ రెంటి ధరలకు గల అంతర మెరిగినవారికి ఇది చిన్న పొరపాటు కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంటిల్లిపాదికి ఒక్కటే ఫోను గల ఇండ్లలో విద్యార్థుల అవస్థయు నిట్టిదే. పాఠము సగము చదివి అమ్మకో అన్నకో ఫోను ఇచ్చిన బాలుడు, మరల దానిని చేత బట్టునప్పటికి తాను విడిచిన చోటు కనబడదు. వెదకుటలో కొంతసేపు పోవును. కొంత ఉత్సాహమును పోవును. యంత్రమునకు ఆ చోటు తెలియక కాదు. తెలిసినదానిని సరియైన రీతిని భద్రపరుపకుండుటయే ఇందలి లోపము.

యంత్రమునకు ఆ చోటు ఎట్లు తెలియుచున్నదో ఉపాధ్యాయులును విద్యార్థులును గ్రహించుట మంచిది. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి పట్టికకు మొదటినుండి లిస్ట్ వ్యూ అనుపేరు గలదు. 2014లో రీసైక్లర్ వ్యూ అను మరియొకటి వచ్చినది. పట్టికలో వేయి వరుసలున్నను యంత్రము వేయింటిని ఒక్కసారి నిర్మింపదు. తెరకు చాలినన్ని వరుసలను, వానితో మరి ఒకటి రెంటిని మాత్రమే నిర్మించును. పైనుండి జారిపోయిన వరుసనే తీసికొని, అందు క్రొత్త విషయము నింపి క్రిందినుండి పంపును. ఘటీయంత్రమున ఖాళీయైన కుండ మరల నిండి వచ్చుట వంటిదే ఈ పద్ధతి.

వ్రేలు కదలినపుడెల్ల పట్టిక మూడు సంఖ్యలను తెలుపును. తెరమీద కనబడు మొదటి వరుస ఎన్నవది, ఎన్ని వరుసలు కనబడుచున్నవి, మొత్తము ఎన్ని కలవు అనునవి ఆ మూడును. మొదటి వరుస కొంతమేర పైకి జారి మరుగుపడినచో, ఆ కొలతయు పిక్సెళ్ళలో తెలియును. కావున యాప్ వ్రాయువారు సామాన్యముగ రెండు సంఖ్యలను దాచియుంతురు: ఎన్నవ వరుస, ఎంత జారినది. లెక్క సున్నతో మొదలగును గనుక పదుమూడవ వరుస యంత్రమునకు 12. చదువరి తిరిగి వచ్చినపుడు యంత్రము 12ను పిలిచి తెర పైభాగమున నిలుపును.

చిక్కు ఇచ్చటనే కలదు. చదువరి లేని సమయమున పట్టిక పైభాగమున మూడు క్రొత్త వరుసలు చేరినవనుకొందము. అప్పుడు 12 అను సంఖ్య క్రింద ఇదివరకటి పదియవ వరుస వచ్చి కూర్చుండును. రైతు చూచుచుండిన తేజ పదునారవదియై క్రిందికి పోవును. మరికొందరు వరుసలనే లెక్కింపక, పట్టిక మొదటినుండి ఎన్ని పిక్సెళ్ళు దిగినదో ఆ దూరమును దాతురు. కంటిచూపు తగ్గిన పెద్దలు అక్షరముల పరిమాణమును పెంచుకొనగానే వరుసల ఎత్తు మారి ఆ దూరము నిరర్థకమగును. ఆలస్యముగ వచ్చి చేరిన ఒక బొమ్మ చాలును, దూరమంతయు తారుమారగుటకు.

తెలుగు పండితులకు ఈ సమస్య క్రొత్తది కాదు. తాళపత్రముల అంచున ఆకుల సంఖ్య వేయు ఆచారము కలదు. కాని ఒక లేఖకుని ఆకు పొడవు, వేరొకని ఆకు చిన్నది; ఒకరి ప్రతిలో నలువదవ ఆకున నున్న పద్యము మరియొకరి ప్రతిలో ఏబదవ ఆకున నుండును. అందుచే ఆకుల సంఖ్యను ఆ ప్రతికే పరిమితము చేసి, గ్రంథస్థలమును తెలుపుటకు పర్వము, ఆశ్వాసము, పద్యము అను క్రమమును ఆశ్రయించిరి. ప్రక్షిప్తములు చేరినచోట పద్యసంఖ్యయు మారును గనుక వ్యాఖ్యాతలు పద్యపు మొదటి మాటలనే ప్రతీకగా చూపిరి. పైన ఎన్ని పద్యములు చేరినను ప్రతీక చెడదు. అది దూరము కాదు, వరుససంఖ్యయు కాదు. ఆ పద్యము యొక్క పేరు.

ఇట్లు చోటు నిలుచుట ఎంతటి కార్యమునకు ఆధారమైనదో అద్దంకి చరిత్రయే చెప్పుచున్నది. 11వ శతాబ్దిలో నన్నయ ఆరణ్యపర్వమును సగములో విడిచెను. నేటి ముద్రణలలో అది నాలుగవ ఆశ్వాసమున 142వ పద్యము. తిక్కన విరాటపర్వముతో నారంభించుటచే నడుమ ఖాళీ మిగిలినది. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియైన ఎఱ్ఱన, నన్నయ విడిచిన చోటనే అందుకొని శేషమును పూరించి, దానిని రాజరాజనరేంద్రునకే అంకితముగ నిలిపెను. రెండు వందల ఏండ్లకు పైబడియు ఆ చోటు చెడలేదు. సాయంకాలమునకే చదువరి చోటును మరచు నేటి యాప్‌లు ఇది గమనింపదగినది.

యాప్‌లయందును ప్రతీకకు సాటియైనది కలదు. ప్రతి వరుసకు మారని గుర్తు నొకదానిని ఇచ్చి, దానినే దాచవలెను. తిరిగి తెరచినపుడు ఆ గుర్తు గల వరుస ఇప్పుడెచ్చట నున్నదో వెదకి, దానిని తెరమీదికి తేవలెను. ఆ వరుసయే తొలగింపబడినచో దాని పొరుగు వరుసను చూపి, సంగతి చదువరికి తెలుపవలెను. చదువుచుండగా క్రొత్త ధరలు వచ్చినచో, వాని రాకను పైన సూచించి చదువరి కోరినపుడే చేర్చవలెను. ఇందుకు గొప్ప ఖర్చు లేదు. కొంత శ్రద్ధ చాలును.

వ్రేలితో మరల త్రోసికొనిన సరిపోవును గదా, ఇంత చర్చ ఏల యని కొందరందురు. దినమెల్ల ఫోను చేత బట్టువారికి అది నిజము కావచ్చును. చదువుట అలవాటు లేక ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొను రైతుకూలీకిని, చేతులు వణకు ముదుసలికిని అది నిజము కాదు. చోటు పోయినపుడు వారు యంత్రమును తప్పుపట్టరు. తమకే చేతకాదని ఫోనును పక్కన బెట్టుదురు. అసలు నష్టమిదియే.

ఇదే జ్ఞానమునకు మరియొక వినియోగము కలదు. చదువరి కొసకు చేరుచున్నాడని తెలియగానే మరికొన్ని వరుసలు తెచ్చి చేర్చినచో పట్టికకు కొస యనునదే యుండదు. అమెరికాలో అజా రాస్కిన్ 2006లో ఇట్టి అంతులేని పట్టికను రూపొందించి, పిదప దాని ఫలితములకు బహిరంగముగనే విచారము వెలిబుచ్చెను. తెలుగు కావ్యమున ప్రతి ఆశ్వాసాంతమునను ఒక గద్యము కలదు. కావ్యమేది, కవి యెవరు, ముగిసినది ఎన్నవ ఆశ్వాసము అని అది తెలుపును. చదువరి అచ్చట గ్రంథము మూయవచ్చును, ముందునకు సాగవచ్చును, ఎంపిక అతనిది. అంతులేని పట్టిక ఆ ఎంపికను హరించును. చదువరి చోటు నెరిగిన యంత్రము అతనిని ఆ చోటికి చేర్చుటకు బదులు కదలనీయకుండుటకు ఆ ఎరుకను వాడుట ధర్మము కాదు.

గుంటూరు, ప్రకాశము ప్రాంతముల ఇంజనీరింగు కళాశాలలలో ఏటేట ఎందరో విద్యార్థులు యాప్‌లు వ్రాయ నేర్చుచున్నారు. వారిలో పెక్కురు మిర్చి, ప్రత్తి పండించు ఇండ్లనుండి వచ్చినవారే. వారికి పాఠశాలలో పద్యమునకు ప్రతీక చూపుట నేర్పిన తెలుగు ఉపాధ్యాయుడు, తెలియకయే ఈ విద్యకు పునాది వేసినవాడగును. తరగతిలో “కొంచెము క్రిందికి జరుపుడు” అనుటకు మారుగ పాఠము పేరు, పద్యపు మొదటి మాట చెప్పి చోటు చూపుట అలవాటు చేయవలెను. ఆ విద్యార్థులు రేపు వ్రాయు ధరల పట్టికలో, ఫోను మాట ముగించి వచ్చిన రైతుకు తన తేజ వరుస తాను విడిచినచోటనే కనబడవలెను.