కొవ్వు కరిగింది... చర్మం మిగిలింది!

పెళ్లింట్లో అడుగుపెట్టగానే చుట్టాలంతా ఆవిడ చుట్టూ చేరారు. ‘‘సగమైపోయావు వదినా! గుర్తే పట్టలేదు’’ అంది ఆడపడుచు వరసామె. ఆవిడ నవ్వి ఊరుకుంది. 118 కిలోల మనిషి, బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత రెండేళ్లలో 68కి వచ్చింది. సుగర్ అదుపులో పడింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. కానీ మండుటెండల్లోనూ మోచేతులు దాటిన జాకెట్టు ఎందుకు వేసుకుందో, చీర కింద పొట్టకు బెల్టు ఎందుకు బిగించిందో అక్కడెవరికీ తెలియదు. పొట్ట మీంచి జారిన చర్మం మడత పడి, కింద చెమట నిలిచి, ఒరుసుకుని ఎర్రగా పుండవుతోంది. పౌడరు చల్లితే ఓ పూట నయం. మర్నాడు మళ్లీ మంట. ఆపరేషన్‌తో ఆ చర్మం తీసేయవచ్చని డాక్టరు చెప్పారు. ఇంట్లో మాత్రం ఒకటే మాట... ‘‘ఇంత తగ్గావుగా, ఇంకా ఈ సోకులెందుకు?’’

నిజంగా ఇది సోకేనా?

సాగిన ఎలాస్టిక్

పిల్లల నిక్కరు ఎలాస్టిక్ ఒకసారి సాగిపోయిందంటే మళ్లీ బిగుసుకోదు. చర్మమూ అంతే. దానికి బిగువునిచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ల తరబడి లావుగా ఉంటే ఇవి సాగి దెబ్బతింటాయి. లోపలి కొవ్వు పోయాక ఖాళీ సంచిలా చర్మం వేలాడుతుంది. తగ్గిన కిలోలు, వయసు, లావుగా ఉన్న ఏళ్లు, పొగతాగే అలవాటు... వీటిని బట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. క్రీములు, మసాజులు దీన్ని లోపలికి లాగలేవు. వ్యాయామం కింది కండను పెంచుతుందేగానీ మిగిలిన చర్మాన్ని తీసేయదు. లైపోసక్షన్ చేయించుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. అది కొవ్వును లాగే పద్ధతి. ఇక్కడున్న చిక్కు చర్మంతో! కొవ్వు లాగేస్తే ఆ చర్మం ఇంకాస్త వదులవుతుంది.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇంజెక్షన్లతో బరువు దించుకునేవారికీ ఈ చర్మం బాధ తప్పకపోవచ్చు.

ఏం చేస్తారు?

ఈ ఆపరేషన్ సినిమావాళ్ల కోసం పుట్టింది కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి స్త్రీవ్యాధుల నిపుణుడు హోవర్డ్ కెల్లీ 1899లోనే, వేలాడే పొట్టను అడ్డంగా కోసి తొలగించారు.

ఇప్పుడు పొట్టకు రెండు పద్ధతులున్నాయి. మడతపడి వేలాడే భాగాన్ని మాత్రమే కోసి తీసేయడం పానిక్యులెక్టమీ. అబ్డామినోప్లాస్టీలో చర్మం తీయడంతోపాటు, ఎడమైపోయిన పొట్ట కండరాలను దగ్గరకు లాగి కుడతారు. బొడ్డును దాని చోటే ఉంచి, కిందికి లాగిన చర్మంలో కొత్తగా రంధ్రం చేసి బయటికి తెస్తారు. నడుము చుట్టూ చర్మం జారితే కోత వెనక్కి కూడా వెళ్తుంది. చేతులు, తొడలు, వక్షోజాలకు వేర్వేరు ఆపరేషన్లు. మగవాళ్లకు జారిన ఛాతీనీ సరిచేస్తారు. అన్నీ ఒకేరోజు చేయడం మంచిది కాదు. మత్తులో ఉండే సమయం, రక్తస్రావం పెరుగుతాయి. అందుకే కొన్ని నెలల ఎడంతో విడతలుగా చేస్తారు.

తొందరపడొద్దు

* బేరియాట్రిక్ ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. కనీసం మూణ్నుంచి ఆర్నెల్లు బరువు నిలకడగా ఉండాలి. ఇంకా తగ్గితే చర్మం మళ్లీ వదులవుతుంది. పెరిగితే కుట్టినదంతా సాగుతుంది.

* పిల్లలు కావాలనుకునేవాళ్లు కాన్పు తర్వాతే పొట్ట ఆపరేషన్ గురించి ఆలోచించడం మేలు.

* బేరియాట్రిక్ చేయించుకున్నవారిలో ప్రొటీన్, ఐరన్, బీ12, డి విటమిన్ లోపాలు మామూలే. వాటిని సరిచేయకపోతే గాయం త్వరగా మానదు. గుడ్లు, పప్పులు, పెరుగు బాగా తీసుకోవాలి.

* సిగరెట్, బీడీ ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించి, కుట్ల దగ్గర చర్మం చచ్చిపోయేలా చేస్తుంది.

* బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటి వల్ల జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది.

మచ్చతో బేరం

ఇది పెద్ద ఆపరేషనే. చర్మం కింద నీరు చేరడం, కుట్లు విచ్చుకోవడం, చీము పట్టడం, కొంతమేర స్పర్శ తగ్గడం వంటివి జరగొచ్చు. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. నీరు పోయేందుకు కొద్దిరోజులు గొట్టాలుంటాయి. బిగుతైన ప్రత్యేక దుస్తులు వారాల తరబడి వేసుకోవాలి. పొట్ట ఆపరేషనైతే మొదటి కొద్దిరోజులు వంగే నడవాలి. ఆరు వారాలపాటు బకెట్లు మోయకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఆఖరుది మచ్చ. పొట్ట మీదైతే ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా ఉంటుంది. చీరలో కనబడకపోవచ్చు. చేతుల మీదిది దాగదు. అది పాలిపోవడానికి ఏడాది పైనే పడుతుంది. మన చర్మపు రంగువారిలో మచ్చ ఉబ్బి, కీలాయిడ్‌గా మారే అవకాశం కాస్త ఎక్కువ. చర్మాన్ని వదిలించుకుని మచ్చను తెచ్చుకోవడం... ఈ బేరం ఇష్టమైతేనే ముందుకెళ్లాలి.

ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసిన సర్జన్, ఐసీయూ ఉన్న ఆస్పత్రి ఉండాలి. బ్యూటీ క్లినిక్‌లో చేయించుకునే పని కాదు. ఖర్చు సంగతికొస్తే, అందం కోసం చేసే సర్జరీకి సాధారణంగా బీమా పాలసీ వర్తించదు. ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉందని, వైద్యపరంగా అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంది. మానని పుండ్లకు ఫొటోలు, వాడిన మందుల చీటీలు దాచుకుని, ముందే కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

ఇంతకీ పెళ్లికెళ్లినావిడ ఏం చేసింది? భర్తను వెంటబెట్టుకుని సర్జన్‌ను కలిసింది. ‘‘అన్నిటికన్నా ఏది ఎక్కువ బాధపెడుతోందమ్మా?’’ అన్నారాయన. ‘‘పొట్టేనండీ. చేతులకు పొడుగు జాకెట్టుంది. పుండుకు ఏం తొడగను?’’ అంది. పొట్ట ఒక్కటే చేయించుకోవాలని తేల్చుకుంది. సోకులన్న ఆయన ఆ పుండును మొదటిసారి డాక్టరు గదిలోనే చూశాడు. బయటికొచ్చాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆటో ఎక్కుతూ మాత్రం అన్నాడు... ‘‘ఆరు వారాలు నీళ్లు నేను పడతాలే!’’