తొమ్మిది దాటితే దారి అడవిదే

సెలవులు రాగానే పిల్లలను కారెక్కించుకుని బెంగళూరు నుంచి మైసూరు, బందీపూర్, ముదుమలై మీదుగా ఊటీకి బయల్దేరే కుటుంబాలకు కొదవ లేదు. మైసూరు ప్యాలెస్, జూ చూశాక పెద్దల హడావుడంతా ఒక్కటే: రాత్రి తొమ్మిదిలోగా బందీపూర్ దాటాలి. తర్వాత ఉదయం ఆరు దాకా గేటు తీయరు.

వాహనాల కింద పడి వన్యప్రాణులు చనిపోతున్నాయని 2009లో చామరాజనగర్ జిల్లా యంత్రాంగం విధించిన నిషేధమిది. 2010లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అంబులెన్సులకు, కొన్ని బస్సులకే మినహాయింపు. రాకపోకలు, వ్యాపారం దెబ్బతింటున్నాయన్నది కేరళ వాదన. 2019లో వయనాడ్‌లో నిరాహార దీక్షలూ జరిగాయి. శ్రీశైలం వెళ్లే హైదరాబాదీలకూ మన్ననూరు చెక్‌పోస్టు వద్ద ఇదే నియమం.

వయనాడ్ వాసుల ఇబ్బంది నిజమే. విహారయాత్రకు వెళ్లేవారికి మాత్రం పోయేది ఒక రాత్రి ప్రయాణమే. గేటెందుకు వేశారని పిల్లలు అడిగితే విసుక్కోనక్కర్లేదు. హెడ్‌లైట్ల వెలుగు పడితే జింక కదల్లేక రోడ్డు మీదే నిలిచిపోతుందని చెబితే చాలు. పగలు కోతులకు చిప్స్ విసరడమూ వాటిని చక్రాల కిందికి పిలవడమేనని కూడా చెప్పాలి. సఫారీలో పులి కనిపించకపోవచ్చు. ఈ పాఠం మాత్రం టికెట్ లేకుండానే దొరుకుతుంది.