దెబ్బతిన్న కార్లు: ఉన్నది చెప్పి అమ్మాలి

సత్యవేడు ప్రాంతంలో కారు ఇప్పుడు కలిగినవారి సొత్తు మాత్రమే కాదు. శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత అద్దె బండ్లకు గిరాకీ ఏర్పడింది. అప్పుచేసి సెకండ్ హ్యాండు కారు కొని, దానిమీదే బతికే కుటుంబాలున్నాయి. ఊత్తుకోట చేరితే తమిళనాడే కనుక చెన్నై బేరాలు కూడా మనవారికి దూరం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

2015 డిసెంబరు వరదల్లోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోను చెన్నైలో వేలాది కార్లు నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ ఆ బండిని పూర్తి నష్టం కింద లెక్కకడుతుంది. తరువాత అది వేలానికి పోతుంది. కొన్నవాడు విప్పి సామాన్లు అమ్ముకోవచ్చు. లేదా కడిగి, రంగువేసి మళ్లీ రోడ్డెక్కించవచ్చు. శాశ్వతంగా పనికిరాకుండా పోయిన బండి రిజిస్ట్రేషను రద్దు చేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతోంది. బాగుచేయించి నడిపే బండి దాని కిందికి రాదు. ఆర్‌.సి.లో ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు, చివరికి రంగు కూడా ఉంటాయి. మునిగిందా, బోల్తాపడిందా అన్న గడి మాత్రం లేదు.

దెబ్బతిన్న బండికి ధర తగ్గడం న్యాయమే. అయితే అన్ని దెబ్బలూ ఒకటి కావు. సంతలో కొమ్ము విరిగిన ఎద్దుకు ఒక ధర, కాలు విరిగి అతికిన ఎద్దుకు మరో ధర. బంపరు, తలుపు, బానెట్టు బోల్టులు విప్పి మార్చుకునేవి. వాటిని సరిగా మార్చి ఉంటే పెద్దగా భయపడనక్కరలేదు. ఆ వంకతో బ్రోకర్లు ధరను అడ్డగోలుగా కొట్టేయడం అన్యాయం. చాసిస్ వంగిన బండి, నీళ్లలో నానిన బండి సంగతి వేరు. టింకరింగు ఎంత బాగా చేసినా చక్రాలు ఒకవైపు లాగవచ్చు, టైర్లు త్వరగా అరగవచ్చు. తడిసిన వైర్లు నెలల తరువాత మొరాయిస్తాయి. అద్దెబండి షెడ్డులో నిలబడినా నెలవాయిదా ఆగదు.

అమ్మేవాడికీ ఒక బాధ ఉంది. బీమా కంపెనీ మరమ్మతు బిల్లు చెల్లిస్తుంది. మామూలు పాలసీ అయితే ప్లాస్టిక్కు, రబ్బరు సామాన్లకు సగమే ఇస్తుంది. దెబ్బవల్ల బండి ధర పడిపోయినందుకు మాత్రం పైసా రాదు. ఆ నష్టం తప్పించుకోవాలనే మరమ్మతు దాస్తాడు. దాచినంత మాత్రాన నష్టం పోదు, కొన్నవాడి నెత్తిన పడుతుంది.

కొనేవారు కార్పెట్టు ఎత్తి ఒండ్రు ఉందేమో చూడాలి. సీటు బెల్టును కొసదాకా లాగి మట్టిచార కోసం వెతకాలి. రేకుమీద అయస్కాంతం పట్టకపోతే లోపల పుట్టీ మందంగా ఉన్నట్టే. పాత పాలసీ అడిగి చూడండి. క్లెయిము లేని ఏళ్లకు ఇచ్చే బోనసు వరుసగా ఐదేళ్లయితే 50 శాతానికి చేరుతుంది. అదే యజమాని చేతిలో చాలా ఏళ్లున్న బండికి బోనసు సున్నా అయితే కారణం అడగవలసిందే.

అయినా ఈ పరీక్షలన్నీ పల్లెవాసి నెత్తిన వేసి ఊరుకోవడం ప్రభుత్వానికి తగదు. పాత కార్ల వ్యాపారులు రవాణాశాఖ నుంచి అనుమతి పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పేరు మార్పిడికి ఇచ్చే 30వ నెంబరు ఫారంలో పెద్ద ప్రమాదం, వరద, పూర్తి నష్టపు క్లెయిము వివరాలు రాసి సంతకం చేసే గడి ఒకటి చేర్చాలి. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద తేల్చిన బండి వివరం ఆర్‌.సి. మీదనే కనిపించాలి.

ఆ ఏర్పాటు జరిగేవరకు కొనేవారు కనీసం రసీదు మీదనైనా ఈ వివరాలు రాయించుకోవాలి. వ్యాపారి లోపం దాచి అమ్మినట్టు తేలితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ నోటిమాటకన్నా ఆ కాగితమే అక్కరకొస్తుంది.