హదీసులోని రెండు అంకెలు

పసిపిల్లలపై చేయి చేసుకునేవారిని ‘ఇదేమిట’ని అడిగితే, కొందరు ఒక హదీసును జవాబుగా చెబుతారు. ఏడేళ్లు నిండిన పిల్లలకు నమాజు ఆదేశించమని, పదేళ్లు వచ్చాక కూడా నిర్లక్ష్యం చేస్తే దండించమని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. దీన్ని కొట్టడానికి లభించిన అనుమతిగా భావించేవారు ఇందులోని రెండు అంకెలనూ మరచిపోతున్నారని మా అభిప్రాయం.

మొదటి అంకె ఏడు. అంతకంటే చిన్నబిడ్డకు నమాజు చేయమన్న ఆదేశం కూడా ఈ హదీసులో లేదు. ధర్మానికి మూలస్తంభమైన నమాజు విషయంలోనే ఇంత వెసులుబాటు ఉండగా, అన్నం ఒలకబోసిందనో, మారాం చేసిందనో మూడేళ్ల బిడ్డను కొట్టి, దానికి ఈ హదీసును ఆధారంగా చూపడం న్యాయమేనా?

రెండో అంకె పది. ఈ రెంటి మధ్య మూడేళ్లున్నాయి. రోజుకు ఐదు పూటల చొప్పున లెక్కిస్తే ఐదు వేలకు పైగా నమాజులు. అన్నిసార్లు ఓర్పుతో పిలిచి, వుజూ నేర్పి, పక్కన నిలబెట్టుకున్న తరువాతే ఆ చివరి మాట వస్తుంది. అక్కడ కూడా ధర్మవేత్తలు షరతులు విధించారు: ముఖంపై కొట్టరాదు, గాయపరచరాదు, కోపం తీర్చుకోవడానికి కొట్టరాదు.

ఇక దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. ఆయన తన చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. బాల్యంలోనే ఆయన సేవలో చేరిన హజ్రత్ అనస్ (ర), పదేళ్లలో ఒక్క విసుగు మాటైనా వినలేదని చెప్పుకున్నారు.

దెబ్బ లేకపోతే హద్దు ఉండదన్నది మరో అపోహ. మన బోగోలు ప్రాంతాన్నే తీసుకోండి. ఇటు జాతీయ రహదారి, బిట్రగుంట మీదుగా రైలు పట్టాలు. అటు జువ్వలదిన్నె వద్ద సముద్రం. మూడేళ్ల పిల్లవాడికి లారీ వేగాన్నో, అల బలాన్నో అంచనా వేసే శక్తి లేదు. చెంపదెబ్బ ఆ శక్తినివ్వదు. అతని చేయి విడవకుండా పట్టుకోవడమే అక్కడ హద్దు.

ఈ హద్దు వయసుతో మారుతుంది. రెండేళ్లలోపు బిడ్డకు కత్తిపీట, అగ్గిపెట్టె అందకుండా ఉంచడం పెద్దల పని. మూడు నాలుగేళ్ల వయసులో ఒక్క చిన్నమాట, వెంటనే దృష్టి మళ్లింపు చాలు. ఐదారేళ్లకు కారణం చెప్పవచ్చు. ఒలికిన నీళ్లను తనచేతనే తుడిపించవచ్చు. ఏడు దాటాక నియమాన్ని ముందే చెప్పి, తప్పితే ఆ సాయంత్రం ఆట మాన్పించవచ్చు. మాట ఒకటే ఉండాలి. అమ్మ కాదన్నదానికి నాన్న సరేననరాదు.

విద్యాహక్కు చట్టం (2009) పదిహేడవ సెక్షన్ బడిలో శారీరక శిక్షను నిషేధించింది. ఉపాధ్యాయుడు ఎత్తరాని చేతిని తల్లిదండ్రులు ఎత్తడం ఏమి శోభ? కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమన్నది ప్రవక్త (స) బోధ. ముందుగా దాన్ని పాటిద్దాం.

బెత్తానికి భయపడి ముసల్లాపై నిలబడిన బిడ్డ, బెత్తం కనబడని రోజున దాన్ని మడిచి పక్కన పెట్టేస్తాడు. ఎవరూ చూడనిచోట కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక దెబ్బతో రాదు. అది ఆ ఐదు వేల పిలుపులతో, ప్రేమతో కలుగుతుంది.