పంకా ఘోష

నిరుడు మాఘమాసంలో నా చెవికి యంత్రం అమర్చారు. నాకు వినికిడి తగ్గిందన్న సంగతి అంతకు ముందే ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. ఆ యంత్రం పెట్టుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం లోకమంతా ఒక్కసారిగా నా మీద విరుచుకు పడినట్లయింది. వార్తాపత్రిక మడత విప్పితే ఎండుటాకుల గలగల. వంటింట్లో గరిటె కింద పెడితే బడిగంట మోగినంత చప్పుడు. వీటన్నిటినీ మించి, నా రాతబల్ల వైపు నుంచి పిండిమర ఆడుతున్నట్టుగా ఒక హోరు.

"ఏమిటే ఆ చప్పుడు?" అన్నాను.

"మీ ల్యాప్‌టాపేనండీ. ఏడాది నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను. మీరు వింటేగా!" అన్నది మా ఆవిడ.

తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. చెవియంత్రం తీసి పెట్టెలో పెట్టి, యథాప్రకారం టైపు చేసుకోసాగాను. హోరు మాయమయింది. సమస్య తీరిపోయిందని సంతోషించాను. ఆ సంతోషం ఎంత అవివేకమో చెప్పడానికే మిత్రులారా, ఈ టపా.

ఆ యంత్రంలో ఏమున్నదో ముందు చెప్పాలి. పల్లెబడుల్లో పనిచేసిన రోజుల్లో రైతులు, నేతగాళ్ళు, కుమ్మరులు, వడ్రంగులు వాడే పనిముట్ల పేర్లు, పనుల పేర్లు నోటుపుస్తకాల్లో రాసుకునేవాణ్ణి. పదవీ విరమణ తరువాత కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా టైపు చేశాను. దాదాపు నాలుగు వేల మాటలయ్యాయి. ఆ మాటలు చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. నోటుపుస్తకాల్లో సగం చెదలపాలయ్యాయి. అంటే ఆ మాటలకు మిగిలిన ఏకైక నివాసం, ఏడాదిగా నా ముందు మొర పెట్టుకుంటున్న ఆ పెట్టె.

చైత్రం వచ్చేసరికి యంత్రం నత్తనడక పట్టింది. 'క' కొడితే, నేను కగుణితం అప్పజెప్పుకునేంత సేపటికి గాని తెరమీద 'క' కనిపించేది కాదు. మా గుంటూరు ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. అడుగున చేయి పెడితే అట్లపెనం. ఊళ్ళో ఒక దుకాణానికి పట్టుకెళ్ళాను. ఆ కుర్రవాడు మూత తెరవలేదు సరికదా, చప్పుడు కూడా వినలేదు. "ఏడేళ్ళ పాతది కదండీ, బోర్డు పోయే దశకొచ్చింది. కొత్తది తీసుకోండి" అన్నాడు. నాడి పట్టకుండానే రోగికి నూకలు చెల్లాయని చెప్పే వైద్యుణ్ణి అప్పుడే చూశాను.

ఆ వారంలోనే మా బోరు మోటారు బాగుచేయడానికి నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. మోటారు వైండింగు దుకాణం నడుపుతున్నాడు. బడిలో వ్యాకరణం గట్టెక్కడానికి నానా అవస్థ పడినవాడు. గదిలో అడుగు పెట్టగానే, "అదేంటి మాస్టారూ, అలా రొప్పుతోంది?" అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, దాని మొనను ల్యాప్‌టాపు వీపుకు సుతారంగా ఆనించి, పిడిని తన చెవికి ఆనించుకున్నాడు. కన్నులు మూసుకున్నాడు. యతి తప్పిన పద్యపాదం మా చెవికి ఎలా తగులుతుందో, తప్పుగా తిరిగే చక్రం అతని చెవికి అలా తగులుతుంది కాబోలు.

"బేరింగు పోతే గరగరలాడుతుంది. రెక్కకేదైనా తగిలితే టకటకమంటుంది. ఇది ఉత్త గాలిహోరు మాస్టారూ. రెక్కలు బాగానే ఉన్నాయి. గాలికి దారి లేదు" అన్నాడు.

నలభై ఏళ్ళు సంధులూ సమాసాలూ విడదీసి చూపించినవాణ్ణి, ఏడేళ్ళుగా నా వేళ్ళ కింద ఉన్న వస్తువును ఏనాడూ విప్పి చూడలేదు. ముందుగా పదకోశాన్ని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. తరువాత చార్జరు తీసేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, అడుగుమూత స్క్రూలు విప్పి, బ్యాటరీ తీగను బోర్డు నుంచి వేరుచేశాడు. అప్పుడు చూశాను దాని లోపలి సంసారం.

ప్రాసెసర్ మీద ఒక రేకు. దాని నుంచి ఒక రాగిగొట్టం వేడిని అంచుదాకా మోసుకుపోతుంది. అక్కడ దువ్వెనపళ్ళలా సన్నని లోహపు రేకులు. పంకా ఆ రేకుల మధ్యకు గాలిని ఊది వేడిని బయటికి నెట్టాలి. నా యంత్రంలో పంకాకూ ఆ రేకులకూ మధ్య కంబళిముక్కలాంటి బూడిదరంగు పొర ఒకటి పేరుకున్నది. మా పక్కింటి వాటాలో పరుపులు కుట్టే దుకాణం. అక్కడి దూదినూగు కొంత, నేను బొంత మీద పెట్టుకుని రాసిన రాత్రుల పుణ్యం మరికొంత. వేడి బయటికి పోక పంకా మరింత వేగంగా తిరుగుతుంది. అయినా చాలకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లకు ఆ హద్దు దాదాపు 100 డిగ్రీల సెల్సియస్. నా 'క' ఆలస్యంగా రావడానికి కారణం అదీ.

ఇంకొక ముచ్చట. ల్యాప్‌టాపును 'అంకోపరి' అనాలని ఒకప్పుడు పట్టుబట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒడిమీద ఉండేది అని అర్థం. తీరా చూస్తే గాలి పీల్చే రంధ్రాలు చాలావాటికి అడుగునే ఉన్నాయి. ఒడిలోనో, పరుపుమీదనో పెడితే ముక్కు మూసినట్టే. అందమైన పేరు పెట్టాను గాని, వస్తువును అడుగు తిప్పి చూడలేదు.

శిష్యుడు రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి, బ్రష్షుతో ఆ పొరను ఎత్తి, గాలి ఊది శుభ్రం చేశాడు. రెక్కలను ఆపకుండా ఊదితే అవి విపరీతవేగంతో తిరిగి పాడవుతాయట. ప్రాసెసర్ మీద ఎండి పెళుసెక్కిన పాత థర్మల్ పేస్ట్ తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాడు. గంటలో అంతా అయింది. చెవియంత్రం పెట్టుకుని విన్నాను. పంకా తిరుగుతున్నది, నిద్రపోతున్న పసివాడి ఊపిరిలాగా.

ఇక నా అభిప్రాయం. యంత్రం చప్పుడు చేస్తే మనం సాధారణంగా రెండే పనులు చేస్తాం: నోరు మూయిస్తాం, లేదా పారేస్తాం. పంకా వేగాన్ని బలవంతంగా తగ్గించే సాఫ్టువేర్లు ఉన్నాయి. అవి నేను చెవియంత్రం తీసేసిన పనే చేస్తాయి, వేడి అక్కడే ఉంటుంది. చేయవలసింది వేడి తగ్గించడం. అనవసరంగా తెరిచిన కిటికీలు మూయండి. టాస్క్ మేనేజరులో ఏ కార్యక్రమం ప్రాసెసర్‌ను తినేస్తున్నదో చూడండి. విండోస్ పవర్ అమరికల్లో ప్రాసెసర్ గరిష్ఠస్థాయిని 99 శాతానికి దించితే చాలా యంత్రాల్లో ఆ అదనపు పరుగు ఆగి వేడి దిగుతుంది. గట్టి బల్లమీద పెట్టండి. గరగర వినిపిస్తే శుభ్రం చేసి లాభం లేదు, పంకాయే మార్చాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం మీరు ముట్టుకోకండి, తెలిసినవారికి అప్పగించండి.

అసలు పంకాయే లేని యంత్రాలు కొంటే పోదా అంటారేమో. ఆపిల్ సంస్థ 2020లో తెచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో పంకా లేదు. చక్కని యంత్రమే. కాని పని ఎక్కువైతే అదీ వేడెక్కుతుంది, వేగం తగ్గించుకుంటుంది. మౌనంగా తగ్గించుకుంటుంది, అంతే తేడా.

పారేయడం సంగతి. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో 'మరమ్మతు హక్కు' మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. అయితే ఆ హక్కు కాగితం మీద ఉంటే చాలదు. మామూలు స్క్రూడ్రైవరుతో విప్పగలిగే మూత కావాలి. పంకా విడిగా దొరకాలి. విప్పే విధానం యజమానికి అందాలి. అన్నిటికన్నా ముందు, విప్పి చూడడం తక్కువపని అనే మన చదువుల అహంకారం పోవాలి. ఆ అహంకారానికి నేనే సాక్షిని. నాలుగు వేల పనిముట్ల పేర్లు సేకరించాను, ఒక్క పనిముట్టునూ పట్టలేదు.

శిష్యుడు వెళ్ళిన తరువాత ఒక సంగతి మనసులో మెదిలి చాలాసేపు కదలనివ్వలేదు. తరగతిలో చివరి బల్లల నుంచి గోల లేస్తే నేను బెత్తంతో బల్లమీద కొట్టేవాణ్ణి. నిశ్శబ్దం వచ్చేది. పాఠం సాగిపోయేది. ఆ నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. పాఠం తమదాకా రావడం లేదని ఆ పిల్లలు చెబుతున్నారని ఒక్కసారైనా అనుకోలేదు. ఇతడు ఆ చివరి బల్లవాడే. డబ్బు ఇవ్వబోతే, "మీ దగ్గరా మాస్టారూ?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

పదకోశం ఇప్పుడు మూడుచోట్ల భద్రంగా ఉన్నది. మీ రాతలు కూడా ఒక్కచోటే ఉంటే, ఈ టపా మూసేలోగా మరొకచోటికి ఎక్కించండి. ఆ తరువాత గది తలుపు వేసి, మీ యంత్రం ఏమంటున్నదో ఒక్క నిమిషం చెవియొగ్గండి.

స్వస్తి.